బుగ్గయ్య జేబులో ఫ్యూజులు

స్తంభం ఎక్కే ముందు లైన్‌మన్ బుగ్గయ్య ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి తన జేబులోనే వేసుకుంటాడు. అవి తన దగ్గరుంటే కింద ఎవరూ తొందరపడి కరెంటు ఇవ్వలేరు. ఇరవై ఏళ్లుగా అశోక్ నగర్‌లో వాటిని ఒకరి చేతికి ఇచ్చిన పాపాన పోలేదు.

అయినా మూడేళ్ల కిందట షాక్ కొట్టి కిందపడ్డాడు. కరెంటు పోగానే సుబ్బులు గారు తన లేడీస్ హాస్టల్లో మెయిన్ స్విచ్ ఆపకుండా జనరేటర్ వేశారు. ఆ కరెంటు తీగల వెంట వెనక్కి నడిచి స్తంభం మీదున్న బుగ్గయ్యను పట్టుకుంది. ఆవిడే ఏడుస్తూ ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. చేతికట్టు విప్పేదాకా రోజూ ఇంటికి క్యారియర్ పంపారు. ఆ అన్నం రుచి బుగ్గయ్య ఇంకా మరిచిపోలేదు.

ఈ రోజు మిట్టమధ్యాహ్నం మళ్లీ తీగ తెగింది. హాస్టల్ పిల్లలు ఉక్కకు అల్లాడుతున్నారు. సుబ్బులు గారు మాత్రం మెయిన్ ఆపేసి, జనరేటర్ తాళంచెవి కొంగున ముడేసుకుని స్తంభం కిందే నిలబడ్డారు.

"మెయిన్ బంద్ చేసిన్రు కదమ్మా, జనరేటర్ పెట్టుకోండ్రి. పిల్లలు పరేషాన్ అయితున్నరు," అన్నాడు బుగ్గయ్య.

"నువ్వు కిందకి దిగాకే నాయనా."

బుగ్గయ్య నిచ్చెన మీద పెట్టిన కాలు వెనక్కి తీశాడు. జేబులోంచి ఫ్యూజులు తీసి ఆవిడ చేతుల్లో పెట్టాడు.

"జర పట్టుకోండ్రమ్మా," అని నిచ్చెన ఎక్కాడు.