ఎర్రరంగు వేసిన బోరు నీళ్లు

మా ల్యాబ్ అటెండరు పోయారని పోయిన మంగళవారం పొద్దున తెలిసింది. అప్పుడే తార్నాకలో బస్సు దిగాను. ఫోన్ చేసిన జూనియర్ గుండెపోటు అంది. సరే అన్నాను. 

నా పరిశోధన సముద్రపు నాచు మీద. ఎండబెట్టిన నాచును గాజు గొట్టంలో కూరి, పైనుంచి యురేనియం కలిసిన నీళ్లు చుక్కచుక్కగా వదిలితే, నాచు ఆ లోహాన్ని పట్టేసుకుంటుంది. తీరం నుంచి గోనెసంచుల్లో వచ్చే నాచును కడిగేది ఆయనే. ఇసుకను, గవ్వపెంకులను ఓపిగ్గా ఏరేవారు. "సముద్రమైతే చూడలే బిడ్డా, దాని గడ్డి మాత్రం బాగ కడిగిన," అనేవారు. నా థీసిస్‌లోని ప్రతి అంకె వెనక ఆ చేతులున్నాయి.

నేను పరిశోధన మొదలుపెట్టినవి తెలంగాణ ఉద్యమం రోజులు. బంద్ నాడు క్యాంపస్‌లోకి రాలేకపోయేదాన్ని. గొట్టం ఎండిపోతే పని మళ్లీ మొదటికి వస్తుంది. ఆయన లాలాగూడ నుంచి నడిచివచ్చి నీళ్లు పోసి, పోలీసుల బాష్పవాయువుకు ఎర్రబడ్డ కళ్లతో తిరిగి వెళ్లేవారు. మాది కోస్తా అని ఆయనకు తెలుసు. ఒకసారి నన్ను తార్నాక చౌరస్తా దాకా దిగబెడుతూ, "తెలంగాణ ఎట్లనన్న వస్తది. నీ పీహెచ్‌డీ సంగతే డౌటున్నది," అన్నారు.

ఒకరోజు తన ఊరి నుంచి సీసాలో బోరు నీళ్లు తెచ్చారు. అందులో యురేనియం ఉందని అధికారులు తేల్చి, తాగొద్దని బోరుకు ఎర్రరంగు వేసి పోయారట. వేరే నీళ్లు లేక ఊరంతా అవే తాగుతోంది. "జర మన నాచుల పోసి చూడు," అన్నారు.

పోశాను. రెండేళ్లుగా నేను వాడింది స్వేదనజలమే. ఊరి నీళ్లలోని సున్నం, కార్బనేట్లు యురేనియాన్ని నాచుకు అందనివ్వలేదు. దాదాపు ఉన్నదంతా కిందికి దిగిపోయింది. ముందే ఒక్కసారైనా బోరు నీళ్లు పోసి చూడాలని నాకు తోచలేదు.

ఆ సంగతి ఆయనకు చెప్పలేకపోయాను. ఇంకా చూడాలన్నాను. ఊరికి పోయి వచ్చిన ప్రతిసారీ నా బల్ల పక్కన కాసేపు నిలబడేవారు. నేను తల ఎత్తకపోతే వెళ్లిపోయేవారు.

ఆ మంగళవారం వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, ఊరి నుంచి వచ్చినవాళ్లకు చూపించింది.

"మన నీళ్లు సాఫ్ జేసే పిల్ల ఈమెనే. ఆయన ఎప్పుడు జెప్తుండె."

"ఎప్పటికైతది బిడ్డా?" ఒక పెద్దాయన అడిగాడు.

కాలేదని చెప్పాను. మీ నీళ్లకు నా నాచు పనిచేయలేదని, మళ్లీ మొదటినుంచి చెయ్యాలని చెప్పాను. ఆయన చనిపోయాక గానీ నాకు ఆ మాట నోటికి రాలేదు. 

సాయంత్రం ఊరికి బయలుదేరేముందు వాళ్లంతా డబ్బాలతో లాలాగూడ వీధి నల్లా దగ్గర వరుసగా నిలబడ్డారు. పెద్దాయన తన డబ్బా అంచు దాకా నింపి, మూత బిగించి, రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని బస్సు వైపు నడిచాడు.