బదనిక పూలు

మొన్న యాప్రాల్‌లో ఒక మామిడిచెట్టు కొమ్మ మీద బదనిక ఎర్రగా పూసి కనిపిస్తే, నేరేడ్‌మెట్‌లో మా పాత ఇంట్లో ఒక ఆదివారం గుర్తొచ్చింది.

నాన్న నిచ్చెనెక్కి మా మామిడిచెట్టుకు పట్టిన బదనికను నరుకుతున్నాడు. ఉద్యోగం పోయి మా ఇంట్లోనే ఉంటున్న మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, కింద నిచ్చెన పట్టుకున్నాడు.

"ఎందుకు కొడుతున్నవ్ నాన్నా?" అని అడిగాను.

"ఇది కొమ్మ రసం తాగి బతుకుతది. వదిలేస్తే కొమ్మ ఎండిపోతది."

"ఉడుత సుత మన కాయలే తింటది గద?"

"ఉడుత తిని పోతది బిడ్డా. ఇది ఈడనే పాతుకుంటది."

మామయ్య తల వంచుకున్నాడు. సాయంత్రం, చిలకలగూడలో గది దొరికిందంటూ సంచి పట్టుకుని బయల్దేరాడు. పూలు నరికినందుకు అలిగాడనుకుని, రాలిన పూలన్నీ ఏరి తెచ్చి అతని చేతిలో పోశాను.

"మల్ల పూస్తయి, పోకు మామయ్యా."

నాన్న ఒక్క క్షణం మామయ్య ముఖం చూసి, వచ్చి సంచి అందుకున్నాడు.

"నేను చెట్టు ముచ్చట చెప్పిన. నీ మీదికెందుకు తీసుకున్నవ్? దా, అన్నం తిందాం."

మామయ్య ఆగిపోయాడు. నా పూలకే కరిగాడని చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాతెప్పుడో నా ఉద్యోగం పోయి అక్క ఇంట్లో ఉన్నప్పుడు, ఆమె ఏ మాటన్నా నా గురించే అనిపించేది. మామయ్య ఎందుకు బయల్దేరాడో అప్పుడు తెలిసింది.