దేవదానం మామయ్య, డబ్బాలో కరెంటు

సునామీ క్యాంపులో ఆ ముసలమ్మని లేపి కూర్చోబెట్టింది ఎనర్జీ డ్రింకా, మా మామయ్యా?

ఈ ప్రశ్న ఇన్నేళ్ళుగా నాతోనే తిరుగుతోంది. నిన్న పొద్దున్న లంబాలైన్‌లో మామయ్య ఇంటి నుంచి సలోమీ అత్త ఫోన్ చేసి "మీ మామయ్య లేవట్లేదే" అన్నప్పుడు కూడా, నమ్మండి, ముందు ఇదే గుర్తొచ్చింది.

ఏడుపు తర్వాత వచ్చింది.

దేవదానం మామయ్య మా అమ్మకి తమ్ముడు. అండమాన్ దీవుల మధ్య తిరిగే ఫెర్రీలో ఇంజన్ డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు. మన చర్చిలో ఢోలక్ ఆయనదే. మీలో చాలామందికి ఆయన "డబ్బా అంకుల్" గానే తెలుసు.

ఆ పేరెందుకొచ్చిందో తెలియనివాళ్ళకి చెప్పాలి.

సునామీ వచ్చిన వారం. పోర్ట్ బ్లెయిర్‌లో ఒక స్కూల్లో క్యాంప్ పెట్టారు. నేను అప్పుడే ఎమ్మెస్సీ అయి ఖాళీగా ఉన్నాను, మామయ్య వెంట వాలంటీర్‌గా వెళ్ళాను. రిలీఫ్ సామాను షిప్పుల్లో కుప్పలుగా వచ్చేది. మన ఉక్కపోతకి ఉన్ని స్వెట్టర్లు పంపారు ఎవరో!

ఆ స్వెట్టర్ల పక్కన కొన్ని అట్టపెట్టెలు. నిండా చిన్న చిన్న డబ్బాలు. పైన ఏ దేశం భాషో మరి. హిందీ, బెంగాలీ, తమిళం, మలయాళం, తెలుగు, అన్నీ చదివేవాళ్ళున్నారు క్యాంపులో. ఆ భాష మాత్రం ఎవరికీ రాదు.

మామయ్య ఒకటి తెరిచి వాసన చూశారు.

"టానిక్. బలానికి," అని తేల్చేశారు.

ఇంకేముంది, దగ్గుమందు సీసా మూతతో కొలిచి, ముసలివాళ్ళకి తలా రెండు మూతలు.

నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి వచ్చిన అప్పలమ్మ మామ్మ అని ఒకావిడ ఉండేది. ఇల్లు పోయింది. కొడుకు పోయాడు. వచ్చిన దగ్గర్నుంచి గోడవైపు తిరిగి పడుకునే ఉంది.

మామయ్య ఆవిడ పక్కన చతికిలబడి, "అమ్మా, రెండే మూతలు, నా కోసం" అని బతిమాలి పోశారు.

మామ్మ మింగింది. లేచి కూర్చుంది.

"ఇది మందేట్రా? కుడితేట్రా? నీ మొకం మీద కొట్టా!"

హాలంతా గొల్లుమంది. ఆ క్యాంపులో నేను విన్న మొదటి నవ్వు అది. మధ్యాహ్నానికి మామ్మ వంట దగ్గరికెళ్ళి, పప్పులో ఉప్పెక్కువైందని అందరితో పోట్లాట పెట్టుకుంది.

మర్నాడు నేను డబ్బా తిప్పి చూస్తే, అడుగున సన్నటి ఇంగ్లిష్ అక్షరాల్లో కెఫీన్ అని ఉంది. బీపీ ఉన్న ముసలివాళ్ళందరి చేతులు పట్టుకుని నాడి చూసుకుంటూ తిరిగాను. ఎవరికీ ఏమీ కాలేదు. మామయ్యకి చెబితే ఏమన్నారో తెలుసా? "అయితే చల్లారిన కాఫీయే కదే!"

రెండు మూతల్లో ఉండే కెఫీన్ ఎంత? ఏమీ లేనట్టే. చదువుకున్నదాన్ని, నాకు తెలుసు.

కానీ ఆవిడ లేచింది కదా.

అప్పట్నుంచి మామయ్య దానికి భక్తుడు. ఇక్కడ షాపుల్లో దొరకడం మొదలయ్యాక రోజుకొకటి. "కరెంటు" అనేవారు. షిప్ లేటైతే స్టాక్ ఉండదని కిరాణా భయ్యా ముందే "అంకుల్ కా అలగ్ రఖా హై" అని ఆయనది విడిగా దాచిపెట్టేవాడు.

నేను లేబుల్ చదివి వినిపించేదాన్ని. పిల్లలు, గర్భిణులు తాగరాదు అని.

"నానేటి సిన్నపిల్లోడినా? కడుపుతో ఉన్నానా? ఇందులో నా పేరు నేదు."

"చక్కెర, మామయ్యా. గుండె దడ. నిద్ర పట్టదు."

"నువ్వు రోజుకి నాలుగు కాఫీలు తాగుతావు. ఫిల్టర్లోంచి వస్తే మర్యాద, డబ్బాలోంచి వస్తే పాపమా?"

చక్కెర తేడా అని సగం నమ్మకంతో చెప్పేదాన్ని.

ఒకసారి యూత్ మీటింగ్‌లో ఎనర్జీ డ్రింకుల గురించి నన్ను మాట్లాడమన్నారు. పరీక్షల ముందు పిల్లలు రెండేసి మూడేసి తాగుతున్నారని. మామయ్య ముందు వరసలో కూర్చున్నారు. నేను ముగించగానే చెయ్యెత్తి అప్పలమ్మ మామ్మ కథ మొత్తం చెప్పేశారు. పిల్లలు ఈలలు, చప్పట్లు! నా స్లైడ్లన్నీ గంగలో కలిశాయి.

చివర్లో మాత్రం, "అయినా మీ దీదీ చెప్పిందే నిజం. మీరు తాగకండి. నేను పాత స్కూటర్ని, నాకు చోక్ లాగాలి" అన్నారు.

రెండేళ్ళ క్రితం గుండెకి స్టెంట్ పడింది. డాక్టర్ గారు డబ్బా పూర్తిగా బంద్ అన్నారు. కాపలా నాది. ఆస్టినాబాద్‌లో మా ఇంటి నుంచి నేను వస్తుంటే వీధి చివర్నుంచే "పోలీసొచ్చింది" అని అరిచేవారు.

కానీ నిజంగానే మానేశారు. షాపుకెళ్ళి, చల్లటి డబ్బా తీసి చెంపకి ఆనించుకుని, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టేసి వచ్చేవారట. భయ్యా నిన్న చెప్పి ఏడ్చాడు.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నన్ను పిలిచారు.

"పిల్లా, ఒక్కటి తేవే. దొంగగా తాగను. నువ్వు తెస్తేనే."

షాపు దాకా వెళ్ళి ఉత్త చేతులతో వచ్చేశాను. ఆయన నా చేతుల వైపు చూసి, పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. అది చూసి మళ్ళీ వెళ్ళాను.

తెచ్చాక సగం నేనే తాగేశాను, ఆయనకి తగ్గుతుందని. ఇన్నేళ్ళలో మొదటిసారి రుచి చూశాను.

"ఛీ, ఇదేం బాగుంది మామయ్యా?"

"బాగుంటాదని ఎవులన్నారే?"

ఆ సాయంత్రమంతా ప్లాస్టిక్ కుర్చీనే ఢోలక్ చేసుకుని వాయించారు. అత్త చెవులు మూసుకుంది.

మూడు రోజులు మామూలుగానే ఉన్నారు. నాలుగో రోజు, నిన్న, లేవలేదు. గుండె ఎప్పట్నుంచో బలహీనంగా ఉందని, నిద్రలోనే ఆగిపోయిందని డాక్టర్ గారు చెప్పారు. సగం డబ్బా సంగతి ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు.

అత్తకి చెప్పేశాను. నా చెయ్యి పట్టుకుని, "ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడే" అంది.

అది జవాబో కాదో.

వెళ్ళిరా మామయ్యా. ప్రభువు దగ్గర హాయిగా విశ్రాంతి తీసుకో. అక్కడ నీకు పోలీసు లేదు.

ఆ సగం డబ్బా నీకు ఇచ్చి ఉండాల్సిందా, ఇవ్వకుండా ఉండాల్సిందా... నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.