బావగారి డెబ్భై ఎనిమిది

సోమేశ్వరరావు బావగారు కొత్త మనిషి కనపడితే పేరు అడగరు. "ఏ సంవత్సరం?" అని అడుగుతారు. అంటే ఎప్పుడు పుట్టావని. ఆ మనిషి చెప్పగానే బావగారు కళ్ళు మూసుకుని, ఆ ఏడాది వచ్చిన సినిమా పాటలన్నీ లోపల ఒకసారి తిప్పుకుని, తీర్పు చెబుతారు. పాటలు బాగున్న ఏడాది పుట్టినవాళ్ళు మంచివాళ్ళు. బాగోని ఏడాది పుట్టినవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలి. ఎనభై ఆరులో పుట్టినవాళ్ళకైతే ఇంటి తాళాలు ఇవ్వకూడదు.

ఆయన నాకు సొంత బావగారు కాదు. మా ఆయనా ఆయనా ఇక్కడ టాటానగర్ ఉక్కు మిల్లులో ఒకే షాపులో, అంటే ఒకే విభాగంలో, పనిచేశారు. ఇద్దరివీ టెక్కలి దగ్గర పక్కపక్క ఊళ్ళు. కాసిడీహ్‌లో మా ఇంటికీ వాళ్ళ ఇంటికీ మధ్య రెండే గుమ్మాలు. మా ఆయన అన్నయ్యా అన్నారు కాబట్టి నాకు బావగారయ్యారు. గౌరీదేవి అక్క ఆయన భార్య.

ఒకసారి బావగారికి పన్ను నొప్పి వచ్చింది. బుగ్గ బూరెలా పొంగింది. అక్క బలవంతాన పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో దూది కుక్కి, సూది చేతిలోకి తీసుకున్నాడు డాక్టరు. బావగారు ఆ దూదితోనే "ఏ హంవత్హరం?" అని అడిగారు. పాపం అతనికేం తెలుసు, ఎనభై ఆరు అన్నాడు. బావగారు కుర్చీ దిగి, దూదితో సహా ఆటో ఎక్కి ఇంటికి వచ్చేశారు.

"ఆ ఏడు పాటల్నిండా డబ్బా మోత. ఆ మోతలో పుట్టినోడు నా పన్ను మీద సుత్తి ఎత్తడని గేరంటీ ఏటి?" అన్నారు. మూడు రోజులు లవంగం పెట్టుకుని మూలిగారు కానీ వెనక్కి వెళ్ళలేదు.

వాళ్ళమ్మాయి బిందుప్రియకి సంబంధం వచ్చినప్పుడు ఇంకా గొడవ. అబ్బాయి పేరు మోహిత్, ఆదిత్యపూర్‌లో ఇంజినీరు. చూడటానికి వచ్చి, మర్యాదగా కాళ్ళకి దణ్ణం పెట్టాడు. బావగారు దీవించకుండా చెయ్యి గాల్లోనే ఆపి, "ఏ సంవత్సరం?" అన్నారు.

"తొంభై మూడు అంకుల్."

"ముందు ఆర్నెల్లా, ఎనక ఆర్నెల్లా?"

"నవంబరు."

బావగారు కళ్ళు మూసుకున్నారు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. అబ్బాయి తల్లి, ఈయనకి గుండె ఆగిందేమోనని లేచి నిలబడింది. బిందుప్రియకి ఒళ్ళు మండి, "పాపా, షాదీ ముఝే కర్నీ హై, రేడియో కో నహీ!" అని అరిచింది. పెళ్ళి చేసుకునేది నేను, రేడియో కాదని. అప్పుడు బావగారు కళ్ళు తెరిచి, "నవంబరైతే పర్లేదు. అక్టోబరైతే కష్టమయ్యీది," అని చెయ్యి దించి దీవించారు.

"మరి నువ్వెలా నెగ్గావక్కా?" అని అడిగాను ఒకసారి.

"నా అసలు ఏడు ఆయనకి నేటికీ తెల్దే," అంది అక్క గొంతు తగ్గించి. "పెళ్ళిసూపుల్లోనే మా అయ్య సంగతి కనిపెట్టి మంచి ఏడేదో సెప్పీసినాడు. ఓటరు కార్డు బియ్యం డబ్బాలో దాసినాను."

ఇన్ని ఏళ్ళలోకీ గొప్పది ఏదంటే, బావగారి లెక్కలో ఒక్కటే. డెబ్భై ఎనిమిది. పాటల చరిత్రలో అంతకు ముందు లేదు, తర్వాత రాదు. ఆ ఏడాదే ఆయన మిల్లులో చేరడానికి టాటానగర్‌లో రైలు దిగారు. అప్పట్లో ఇక్కడ తెలుగు సినిమా ఆదివారం పొద్దుటి ఆటగా మాత్రమే పడేదట. ఊరు వదిలిన నాలుగు నెలలకి మొదటిసారి హాల్లో తెలుగు పాట వినపడేసరికి, బావగారు కుర్చీ మీద నిలబడి పాడారట. టార్చిలైటు వాడు వచ్చి కూర్చోబెట్టాడట. ఆ సినిమా పాటల రికార్డు ఆయన దగ్గర ఇప్పటికీ ఉంది. దాన్ని వాయించే పెట్టె పాడై ముప్పై ఏళ్ళయింది. అయినా పండగలకి అట్టతో సహా తీసి, తుడిచి, మళ్ళీ లోపల పెడతారు.

దీనికి ఎదురు నిలబడింది లోకంలో ఒక్కరే, మా ఆయన దుర్గాప్రసాద్. ఆయనది తొంభై ఒకటి. మా పెళ్ళయి నేను ఇక్కడికి వచ్చిన ఏడాది. నా ట్రంకు పెట్టెలో చీరల మధ్య ఐదు క్యాసెట్లు తెచ్చుకున్నాను. మా ఆయన వాటిని టేపు అరిగేదాకా విన్నారు.

ప్రతి జనవరిలో మొదటి ఆదివారం ఇక్కడి తెలుగువాళ్ళం ముప్పై మందిమి డిమ్నా చెరువుకి పిక్నిక్ వెళ్తాం. అక్కడ మటన్ ఉడికేలోగా పాటల్లో గొప్ప సంవత్సరం ఏదో తేల్చాలి. బావగారు దీనికి ఒక రిజిస్టరు పెట్టారు. మొదట్లో అందులో పాతిక సంవత్సరాలుండేవి. ఏ ఏడాది తరఫున మాట్లాడేవాళ్ళు లేకపోతే ఆ ఏడాదిని ఎర్ర పెన్నుతో కొట్టెయ్యాలి. ఆ రూలు పెట్టింది బావగారే. కొట్టగా కొట్టగా రెండే మిగిలాయి. ఓట్లకి కాగితాల్లేవు. ఆదిత్యపూర్‌లో లేతు మిషన్లున్న పోలరాజు గారు అందరికీ ఒక నట్టూ ఒక వాషరూ పంచుతారు. మూతకి చిల్లి పెట్టిన బిస్కట్ డబ్బాలో నట్టు వేస్తే డెబ్భై ఎనిమిది, వాషరు వేస్తే తొంభై ఒకటి. రహస్యమే కానీ, నట్టు 'ఠక్' మంటుంది, వాషరు 'టింగ్' మంటుంది. ఎవరు ఎటు వేశారో డిమ్నా గట్టు మీద కోతులకి కూడా తెలిసిపోతుంది.

ఓడినవాళ్ళు మటన్ వండిన డేగిశా తోమాలి. పద్దెనిమిది ఏళ్ళు వరసగా మా ఆయనే తోమారు.

ఎందుకంటే బావగారి దగ్గర ఒక బ్రహ్మాస్త్రం ఉండేది. మా ఆయన మాట్లాడటం అయ్యాక నింపాదిగా లేచి, "ఆ క్యాసెట్ల మీద ఏ ఏడు అచ్చయిందిరా దుర్గా?" అనేవారు. తొంభై. పాటలు పుట్టింది తొంభైలో. ఇక్కడికి చేరింది తొంభై ఒకటిలో. "పాట పుట్టిన ఏడే లెక్క. నీ పెళ్ళాం పెట్టెలో పెట్టుకొచ్చిన ఏడు లెక్క కాదు!" అనేవారు. జనం నవ్వేవారు. ఠక్, ఠక్, ఠక్. మా ఆయన పంచె ఎగగట్టి డేగిశా దగ్గరికి నడిచేవారు. "నీ మొహంరా అన్నయ్యా, వచ్చే ఏడు చూడు," అనేవారు.

పోయిన మార్చిలో మా ఆయన పోయారు.

టేపురికార్డరు మీద గుడ్డ కప్పేశాను. పదిహేను రోజులు పోయాక ఒక సాయంత్రం బావగారు ఎప్పటిలాగే వచ్చి, ఎప్పటి కుర్చీలోనే కూర్చున్నారు. చంకలో రిజిస్టరు.

"ఏటమ్మా ఈశ్వరీ, తొంభై ఒకటిని కొట్టీమంతావా?"

నాకు ఒళ్ళు మండింది. ఇది అడిగే సమయమా? "కొట్టీండి బావగారూ."

ఆయన జేబులు తడుముకున్నారు. "ఎర్ర పెన్ను మర్సిపోనాను. రేపొత్తాను."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఎర్ర పెన్ను చొక్కా జేబులోంచి తొంగి చూస్తూనే ఉండేది. మొదట్లో నేను చెప్పలేదు. ఏడు నెలలు చూశాక చెప్పాను.

"జేబులోనే ఉంది బావగారూ."

"ఇదా? ఇందులో ఇంకు నేదు," అని, పెన్ను మూత కూడా తియ్యకుండా చెప్పి, అసలు సంగతికి వచ్చారు. "అయినా కొట్టీడానికి నాకు మనసొప్పదే. ఎదటోడు నేకండా గెలిస్తే అది గెలుపేటి? తొంభై ఒకటికి నువ్వు నిలబడు."

"నానా? పదిమందిలో నోరిప్పగలనా?"

"నాన్నేర్పుతాను."

ఆరోజు నుంచి బావగారు తన మీద తగువాడటం నాకు నేర్పడం మొదలుపెట్టారు. ఆయనే డెబ్భై ఎనిమిది గొప్పని ఉపన్యాసం ఇచ్చేవారు. వెంటనే ఈ పక్క కుర్చీలోకి మారి, నా బదులు అదంతా చెత్త అనేవారు. మళ్ళీ ఆ కుర్చీలోకి వెళ్ళి, చెత్త అన్నందుకు కోపం తెచ్చుకునేవారు. నాకు టీ చల్లారేది, ఆయనకి ఆయాసం వచ్చేది.

"ఇక్కడ దుర్గయితే 'నీ మొహం' అనేవోడు. అను."

"మిమ్మల్ని నీ మొహం అని ఎలగంతాను బావగారూ?"

"పోనీ, 'మీ మొహం' అను."

అనలేకపోయాను. ఆయన నిట్టూర్చారు. "మర్యాదస్తుల్తో ఇదే సిక్కు," అన్నారు.

జనవరి వచ్చింది. నేను పిక్నిక్‌కి రానన్నాను. గౌరీదేవి అక్క చీర మార్చుకోమని నిలబడి మరీ తీసుకెళ్ళింది. పొయ్యి మీద మటన్ ఎక్కింది. బావగారు లేచారు. ఏటేటా తెచ్చినట్టే రికార్డు అట్ట తెచ్చారు. దాని మూలన ఏళ్ళ కిందటే అంటించిన తెల్ల చీటీ, దాని మీద బావగారి చేతిరాతలో 1978. అది పైకెత్తి చూపిస్తూ అరగంట మాట్లాడారు. చివర్న నా వైపు తిరిగి బ్రహ్మాస్త్రం వేశారు. "ఆ క్యాసెట్ల మీద ఏ ఏడు అచ్చయిందమ్మా?"

నేను లేచాను. నేర్చుకున్నది ఒక్క ముక్క గుర్తు రాలేదు. అందరూ చూస్తున్నారు. పోలరాజు గారు డబ్బా ఒళ్ళో పెట్టుకున్నారు.

"అవి... నానే తెచ్చినాను," అన్నాను.

అప్పుడు బావగారు వింతగా తిరగడం మొదలుపెట్టారు. రికార్డు అట్టని విసనకర్రలా ఊపుతూ నా ముందు నుంచి వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. "అబ్బ, ఉక్క!" అన్నారు. జనవరిలో, డిమ్నాలో, అందరం శాలువాలు కప్పుకుని ఉన్నాం. మూడోసారి అట్ట నా ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టి, "ఈ అట్టని ఎవులైనా బాగా సూసుకోవచ్చు. బాగా సూసుకోవచ్చు. ఎవులూ సూడరా?" అన్నారు, ఏడవబోయే గొంతుతో.

చూశాను. తెల్ల చీటీ అంచు కొంచెం పైకి లేచి ఉంది.

"బావగారూ, ఆ సీటీ కింద ఏటుంది?"

"ఏ సీటీ?" అన్నారు బావగారు, చాలా గట్టిగా.

నేను చేత్తో లాగాను. అలా వచ్చేసింది. కింద కంపెనీ వాడు అచ్చేసిన అంకె ఉంది. 1977.

అంతే. బావగారు నోరు తెరిచారు. కళ్ళు పెద్దవి చేశారు. ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసి, పోలరాజు గారి మీద పడబోయి ఆగారు. గోల గోల అయిపోయింది. ఇన్నేళ్ళూ డెబ్భై ఎనిమిది అని నెగ్గింది డెబ్భై ఏడు సరుకుతోనా అని కూర్చున్నవాళ్ళందరూ ఒకేసారి లేచారు.

"ఇక్కడికి సేరింది డెబ్భై ఎనిమిదిలోనే కదా!" అన్నారు బావగారు నీరసంగా.

నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తెలీదు. "అలగైతే నా పెట్టి సేరింది తొంభై ఒకటిలో," అన్నాను. "మీకో రూలు, నా పెట్టికో రూలేటి? మీ మొహం!"

పోలరాజు గారు డబ్బా ముందుకు చాపారు. తర్వాత టింగ్ మంది. టింగ్. టింగ్. టింగ్. మధ్యలో అక్కడక్కడ ఒక ఠక్. పంతొమ్మిది వాషర్లు, పదకొండు నట్లు. బావగారు తన చేత్తోనే రిజిస్టరులో ఈ ఏటి గెలుపు తొంభై ఒకటి అని రాసి, పక్కన దుర్గాప్రసాద్ అని రాశారు. ఎర్ర పెన్నుతో. ఇంకు బాగానే ఉంది.

భోజనాలయ్యాక ఆయన ప్యాంటు మడుచుకుని, బూడిద తీసుకుని, డేగిశా ముందు కూర్చున్నారు. గౌరీదేవి అక్క నా పక్కకి వచ్చి చేరింది.

"ఎలగుంది మా ఆయన నాటకం?"

"నాటకమేటక్కా?"

"నిన్న కెటిలు ఆవిరి మీద పెట్టి ఆ సీటీ ఊడదీసినాడు. సెయ్యి కూడా కాల్చుకున్నాడు. మళ్ళీ మెతుకు పెట్టి పైపైన అంటించినాడు. రెండ్రోజుల్నుంచి అద్దం ముందర నోరెల్లబెట్టడం ప్రాక్టీసు. 'ఇంతా? ఇంకొంచెమా?' అని నన్ను అడగడం. గుండె మీద సెయ్యి మాత్రం నాను సెప్పలేదు, అక్కడికక్కడే ఏసినాడు."

నేను బావగారి వైపు చూశాను. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. తన డెబ్భై ఎనిమిదిని తన చేత్తోనే ఓడించుకుని, నడుం వంచి డేగిశా మాడు గోకుతున్నారు. ఎడమ చేతి వేళ్ళకి కాలినచోట పూసిన బర్నాలు మందు పచ్చగా కనపడుతోంది. మా ఆయన కూర్చునే చోటే కూర్చున్నారు. పైగా తెలిసీ తెలియని రాగంలో ఏదో పాడుకుంటున్నారు. రాగం తప్పినా పోల్చుకున్నాను. నా ఐదు క్యాసెట్లలో రెండోది, మొదటి వైపు.

దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. థాంక్స్ అనేది మన ఇళ్ళల్లో అనుకునే మాట కాదు. ఏమనాలో తోచలేదు. అడుగున నల్లగా మిగిలిన చోటు చూపించాను.

"బావగారూ, ఆ మాడు ఏ సంవత్సరం?"

ఆయన చెయ్యి ఆపారు. నా మొహం వైపు ఒకసారి చూసి, కళ్ళు మూసుకుని లోపల తిప్పుకున్నారు. ఒక నిమిషం పట్టింది.

"ఎనభై ఆరు," అన్నారు. "ఎంత తోమినా పోదు."