కిటికీ అక్క అడగని ప్రశ్న

మా ఊరి వీధులకు పేర్లు పెట్టినవాళ్లు ఎవరో తెలిస్తే, వాళ్లను నా అంబులెన్సులో ముందు సీట్లో కూర్చోబెట్టి పార్కు వీధికి దారి చెప్పమంటాను. అప్పుడు తెలుస్తుంది వాళ్లకు. మా ఊళ్లో పార్కు వీధులు నాలుగున్నాయి. చుట్టుపక్కల పేటలను ఊరు ఒక్కొక్కటిగా కలిపేసుకుంది గానీ, ఏ పేట పేర్లు ఆ పేటకే వదిలేసింది. ఓడల్లో వంట చేసే మా పిన్ని కొడుకు సెలవుకు వచ్చినప్పుడల్లా నన్ను ఆటపట్టిస్తాడు.

"నీ ఊరొక్కటే అనుకుంటున్నావా అన్నయ్యా? నేను దిగిన ప్రతి రేవులోనూ ఒక పార్కు వీధి, ఒక కొత్త వంతెన ఉన్నాయి. ఆ కొత్త వంతెన మన తాతకన్నా ముసలిది. పార్కు వీధిలో పార్కు కనపడితే ఒట్టు."

వాడికేం, నవ్వుతాడు. మనిషి ఒక వీధిలో పడిపోయి, బండి ఇంకో వీధిలో హారన్ కొడుతూ తిరుగుతుంటే నాకు నవ్వు రాదు, ఒళ్లు మండుతుంది.

అలా తిరగాల్సిన పని మాకు ఒక్క రోజు తప్ప ఎన్నడూ రాలేదంటే అది కిటికీ అక్క పుణ్యమే. కంట్రోల్ రూములో ఫోన్లెత్తి బండ్లను పంపే మనిషి ఆమె. ఎవరు ఫోన్ చేసినా వీధి పేరు విని ఊరుకోదు. "కిటికీ దగ్గరికి వెళ్లండి. బయట ఏం కనపడుతోంది?" అని అడుగుతుంది. ఇక్కడ ప్రాణం మీదికొస్తే కిటికీ గోలేంటని జనం తిట్టిపోస్తారు. ఆమెకు చీమ కుట్టినట్టయినా ఉండదు. అదే గొంతుతో మళ్లీ అడుగుతుంది. ఓ నీళ్ల ట్యాంకో, చెప్పుల కొట్టో, ఇనుప మెట్లో చెబితే చాలు, బండి సరిగ్గా ఆ గుమ్మంలో ఆగుతుంది. ఇంకో అలవాటు కూడా ఉంది. బండి చేరేదాకా ఆమె ఫోన్ పెట్టదు. అవతలివాళ్లను పెట్టనివ్వదు కూడా.

ఈ కిటికీ పిచ్చి ఆమెకు చిన్నప్పుడే పట్టుకుంది. వాళ్లమ్మ బట్టలు కుట్టేది. ఇంటి ఓనర్లు ఎక్కడా నిలకడగా ఉండనిచ్చేవాళ్లు కాదు, వీళ్లు అద్దె గదులు మారుతూనే ఉండేవాళ్లు. ఆ గదులన్నీ ఏదో ఒక స్టేషన్ రోడ్డులోనే దొరికేవి. అందుకని తల్లీ కూతుళ్లు ఇళ్లకు తామే పేర్లు పెట్టుకున్నారు. రైలు కనపడే ఇల్లు, మంగలి షాపు కనపడే ఇల్లు, ఏమీ కనపడని ఇల్లు. ఈ సంగతి చెప్పినప్పుడు అక్క నవ్వింది గానీ, నాకు మాత్రం ఆ ఏమీ కనపడని ఇల్లే గుర్తుండిపోయింది.

అక్క భర్తను నేను బావ అంటాను. లిఫ్టుల మెకానిక్. సరదా మనిషి. వాళ్లిల్లు ఆసుపత్రి వెనక పార్కు వీధిలో. నేను భోజనానికి వెళ్తే, "చూడు తమ్ముడూ, కళ్లద్దాలెక్కడున్నాయే అని అడిగితే, నువ్వు నిలబడ్డ చోట నుంచి ఏం కనపడుతోంది అంటుంది. నేనేం పడిపోయిన రోగినా?" అనేవాడు. అక్క గరిటె చూపించేది. కూతురు పగలబడి నవ్వేది. వాళ్ల సంసారం చూస్తే నాకు ముచ్చటేసేది.

ఆ రోజు బావకు సెలవు. అక్క డ్యూటీకి బయల్దేరేటప్పటికి ఆయన ఇంట్లో ఫ్యాను బాగుచేస్తున్నాడు. మధ్యాహ్నం కంట్రోల్ రూముకు ఒక ఫోన్ వచ్చింది. తెరమీద కనపడ్డ నంబరు బావది. మాట్లాడింది మాత్రం ఎవరో కొత్త మనిషి. అక్కడ జరిగింది పక్క సీట్లో కూర్చునే పెద్దావిడ తర్వాత నాకు చెప్పింది.

"అమ్మా, ఈ ఫోన్ ఈయనదే. నేను వాచ్‌మన్‌ని. ఈయన పడిపోయాడు. నోరు ఒక పక్కకి పోతోంది, కుడిచెయ్యి లేవట్లేదు. పార్కు వీధి, తొందరగా పంపండి!"

అక్క ముఖంలో నెత్తురు చుక్క లేదట. కానీ గొంతు తడబడలేదు. "పంపుతున్నా. ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. ఏమీ తాగించకండి" అంది. ఫోన్ పెట్టేసింది. కిటికీ మాట ఎత్తలేదు. వెంటనే వైర్‌లెస్ సెట్టులో నన్ను పిలిచింది.

"తమ్ముడూ, మా ఇంటికి వెళ్లు. బావకి పక్షవాతంలా ఉంది."

ఆ మాట వినగానే బండి తిప్పాను. ఎలా నడిపానో నాకే తెలియదు. మెదడులో నెత్తురు ఆగిపోతే గడిచే ప్రతి క్షణం మనిషిలో ఏదో ఒకటి పట్టుకుపోతుందని మా బండిలో ఉండే నర్సమ్మ ఎప్పుడూ అంటుంటుంది. ఆ రోజు ఆమె స్ట్రెచర్ పట్టీలు విప్పి చేతిలో పట్టుకుని కూర్చుంది.

ఇద్దరం మెట్లెక్కి పైకి పరుగెత్తాం. తలుపుకు తాళం వేసి ఉంది.

తలుపు బాదాను. పక్కింటావిడ తొంగి చూసింది. "ఆయన ఇందాకే సంచీ తీసుకుని వెళ్లాడు బాబూ. ఎక్కడో లిఫ్టులో ముసలావిడ ఇరుక్కుపోయిందట. మా ఆవిడకి చెప్పకండి, సెలవు రోజు కూడానా అని తిడుతుందన్నాడు."

సెట్టులో ఆ మాట చెప్పాను. నాకు తెలుసు, అక్క ఇప్పుడు మిగతా మూడు పార్కు వీధులను కళ్లముందు పెట్టుకుని చూస్తోంది. ఆ మూడూ ఊరికి మూడు మూలల్లో ఉన్నాయి.

"అక్కా, ఎటు పోను?" అని అరిచాను. అరవకూడదు, కానీ నోరాగలేదు.

"ఉండు" అంది.

బావ నంబరుకు ఫోన్ చేసింది. అందుబాటులో లేదని వచ్చింది. మళ్లీ చేసింది, మళ్లీ అదే. ఫోన్ ఎక్కడుందో చూపించే చుక్క కూడా తెరమీద రాలేదు. వాచ్‌మన్ మొదట గేటు దగ్గర నిలబడి మాట్లాడి, ఆ ఫోన్ పట్టుకుని బావ పడి ఉన్న సెల్లారులోకి దిగిపోయాడట. అక్కడ సిగ్నలు చచ్చినా అందదు. అడగాల్సిన సమయానికి అతను గేటు బయటే, వీధి అంతా కనపడే చోటే నిలబడి ఉన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

పెద్దావిడ అక్క భుజం మీద చెయ్యి వేసి, "లే, నేను చూస్తాను" అందట. అక్క లేవలేదు. రెండు బండ్లను రెండు పార్కు వీధుల వైపు కదిలించి, నన్ను మూడో దానివైపు తిప్పి, ఫోన్ చేస్తూనే ఉంది. ఏ వీధిలో ఏ అపార్టుమెంటో తెలియకుండా పోతున్న మూడు బండ్లు. నేను ఇంజను మీద కోపం చూపించాను. నర్సమ్మ కళ్లు మూసుకుంది.

బండి ఇంకా రాలేదేమని వాచ్‌మన్ గేటు దగ్గరికి వచ్చాడు. అప్పుడు మోగింది ఫోన్. అతను ఎత్తుతూనే అక్కను నానా మాటలూ అన్నాడు.

"మనుషులేనా మీరు? ఎక్కడ చచ్చారు?"

అక్క ఆ తిట్లన్నీ విన్నది. తర్వాత, ఊరందరినీ ఏ గొంతుతో అడుగుతుందో అదే గొంతుతో, "మీరు నిలబడ్డ చోట నుంచి ఏం కనపడుతోంది?" అని అడిగింది.

"బడి. గోడ మీద పెద్ద భూగోళం బొమ్మ వేసుంది. పక్కన సగం కట్టిన ఫ్లైఓవరు..."

ఆమె పూర్తిగా విననే లేదు. ఇటుకబట్టీల దగ్గరి పార్కు వీధి వైపు పోతున్న బండికి గుమ్మం చెప్పేసింది. అది నా బండి కాదు. నేను రోడ్డు పక్కన ఆపేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

బావ బతికాడు. ఇరుక్కుపోయిన ముసలావిడను కిందికి దించాకే ఆయన కూలిపోయాడట. మాట మెల్లగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి రాలేదు. కొంచెం ముందు తెచ్చి ఉంటేనా అని పెద్ద డాక్టరు సగంలో ఆపేశాడు. ఆ సగం మాట అక్క చెవినే పడింది.

పై అధికారి ఆమెను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే కాస్త తేలికపడేదేమో. మళ్లీ డ్యూటీకి వచ్చిన రోజు నేనే ఉండబట్టలేక అడిగాను. "ఊళ్లో అందరినీ అడుగుతావు కదక్కా. ఆ రోజు ఎందుకడగలేదు?"

"మా ఇంటి కిటికీలోంచి ఏం కనపడుతుందో నాకు తెలుసు కదరా" అంది. అని, తల తిప్పేసుకుంది.

మొన్న మధ్యాహ్నం టీ తాగుదామని కంట్రోల్ రూముకు వెళ్లాను. అక్క కూడా విరామంలో ఉంది. కూతురు ఫోన్ చేసింది, అక్క టిఫిన్ గిన్నె మూత తీస్తూ స్పీకర్లో పెట్టింది.

"అమ్మా, ఇంటికొచ్చేశాను."

"ఎక్కడ నిలబడ్డావు? ఏం కనపడుతోంది?"

ఆ పిల్ల ఇదివరకైతే నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. "వంటింటి కిటికీ దగ్గరున్నా. బాల్కనీలో నాన్న కనపడుతున్నాడు. ఎడంచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. నేను పెడతానంటే కసురుతున్నాడు."

"ఎన్నో గుండీ?"

"రెండోదే. జారిపోతోంది. సరేలే అమ్మా, నువ్వు తిను, పెట్టేస్తున్నా."

"పెట్టకు" అంది అక్క. గిన్నె పక్కకు జరిపి ఫోను దగ్గరికి వంగింది. "పై గుండీ దాకా వచ్చేవరకూ చెబుతూ ఉండు."