పొట్టేలు మెడల హార్డ్ డిస్క్

నేను చెప్పేదాంట్ల ఒక్క పొల్లు అబద్దమున్నా గీ చాయ్ నా గొంతు దిగకపోవాలె. సూడు, దిగింది! ఇగ నమ్ము పద్మా. పక్కింటిదానివి, నీకు అబద్దం చెప్పి నేనేడికి పోత? నిన్న మా ఇంట్ల కొత్త హార్డ్ డిస్క్ ఎక్కియ్యాలె. ఎక్కియ్యాల్సింది కంప్యూటర్‌కు. నేను ఎక్కిచ్చింది పొట్టేలుకు!

నవ్వకు. ముందుగాల గా గిలాస కింద పెట్టు, పొలమారుతది.

మా కోడలు సరిత పని నీకెరుకే. నకిరేకల్‌ల ఫోటో స్టూడియో ఆయన పెండ్లి ఫోటోలు పంపిస్తడు, గీమె ఇంట్ల కూసొని కంప్యూటర్ల ఆల్బం తయారు చేస్తది. ఈసారి వచ్చిన పెండ్లి మామూలుది కాదు. ఫోటోలే కోటి ఉంటయి. పిల్ల కండ్లు మూసినయి ఒక లక్ష, పిల్లగాడు నోరు తెరిచినయి రెండు లక్షలు. గన్ని మింగి మింగి కంప్యూటర్‌కు కడుపు నిండింది. "జాగా లేదు, జాగా లేదు" అని ఒకటే మొత్తుకునుడు. దానికితోడు లోపలున్న పాత హార్డ్ డిస్క్ పిండి గిర్ని లెక్క కిర్రుకిర్రుమంటాంది. స్టూడియో ఆయనేమో కెమెరాలవన్ని తుడిచేసి ఇంకో పెండ్లికి పోయిండు. అంటే గా ఫోటోలు మా ఇంట్ల తప్ప భూమ్మీద ఇంకోకాడ లేవు! నిన్న పొద్దుగూకేవరకు ఆల్బం ఇయ్యకపోతే ఇగ సరితకు పనే ఇయ్యనన్నడు.

సరిత కొత్త హార్డ్ డిస్క్ తెచ్చింది. మొన్న పొద్దుమీకి పెడితే నిన్న పొద్దుగాలకు పాతదాంట్లయన్ని కొత్తదాంట్లకు ఎక్కినయి. గట్ల ఎక్కినయో లేదో, పాతది 'కుయ్'మని సచ్చింది. దాన్ని విప్పి బయటికి తీసింది. ఇగ కొత్తదాన్ని డబ్బా లోపట బిగియ్యాలె. చూస్తే కొత్తదాని సన్న మరలకు పట్టే చిన్న స్క్రూడ్రైవర్ ఇంట్ల లేదు.

"అత్తమ్మా, నేను సైకిల్ షాపుకు పోయొస్త. రెండూ బల్ల మీదనే ఉన్నయి. పాతదాంతోని ఇగ పనిలేదు. ఫోటోలన్ని కొత్తదాంట్లనే ఉన్నయి, పాతదానికి నాలుగింతలు పడతయి అందుల. జర సూస్కో. ముట్టకు."

"నేనెందుకు ముడత బిడ్డా!" అన్న.

ఆమె గేటు దాటింది. నేను ముట్టిన.

ఒకటేమో ఇటుకపెల్లంత ఉన్నది. ఇంకోటి అరచేతిల పట్టేది, నల్లగ, పలుచగ, ఊదితే ఎగిరి సూర్యాపేటల పడేటట్టున్నది. ఏది కొత్తదో, ఏది పాతదో? ఇంకొకామె అయితే కోడలు వచ్చేదాంక ఆగేది. నేను యాభై ఏండ్లు గొర్ల మంద సాకినదాన్ని! కండ్లు మూసుకొని పొట్టేలు నడుం మీద నాలుగు వేళ్లు పెట్టి వత్తితే ఎన్ని కిలోల కూరయితదో చెప్త. అంగడిల బేరగాళ్లు నన్ను చూస్తే మొకం దాసుకుంటరు. గీ రెండు డబ్బాలు నాకో లెక్కనా?

రెండు చేతులల్ల రెండిటిని పట్టి జోకిన. నడుములు వత్తిన. బరువున్నది ఎట్లున్నదంటవ్? మంచిగ మేసిన పొట్టేలు! కోటి ఫోటోలు తిన్నది గిదే. రెండోది బక్కసిక్కి, డొక్కలు లోపటికి పోయి... పాపం, సచ్చింది గిదే. లెక్క తేలిపోయింది.

గప్పుడే వాకిట్ల మా ముసలాయన పొట్టేలును అంగడికి తయారు చేస్తాండు. మా పొట్టేలును చూసినవు గద, ఏనుగు కన్న జర పెద్దగుంటది.

"ఏమే, దిష్టికి ఏమన్న నల్లది తే! పోయినసారి ఒట్టి మెడతోని తోలుకపోతే తొవ్వలనే కుంటువట్టింది."

నా చేతిల నల్లగ నిగనిగ బక్కది ఉండనే ఉండె. దాంతోని పనిలేదని కోడలే చెప్పె. అటు నాలుగు సుట్లు, ఇటు నాలుగు సుట్లు నల్లదారం సుట్టి పొట్టేలు మెడకు కట్టిన. అబ్బ పద్మా, పెండ్లికొడుకు సుత గంత ముద్దుగుండడు! ట్రాలీ ఆటో ఎక్కి ఇద్దరూ పోయిన్రు.

సరిత వచ్చింది.

"అత్తమ్మా, కొత్తదేది?"

"నీ ముంగటనే ఉన్నది గద బిడ్డా."

"ఇది పాతది."

"పాతదేంది? పట్టి చూడు, ఎంత బరువున్నదో!"

"అయ్యో అత్తమ్మా, కొత్తయి పలుచగనే వస్తున్నయి. నల్లది, చిన్నది, ఏడున్నది?"

"అంగడికి పోయింది."

"ఎవలు తీస్కపోయిన్రు?"

"పొట్టేలు."

సరిత నేల మీద కూలబడ్డది. మూసీ ప్రాజెక్టు గేట్లన్ని ఒక్కసారే ఎత్తినట్టు కండ్ల నీళ్లు. ముసలాయనకు ఫోన్ చేస్తే అది మా కిటికీలనే మోగింది. చార్జింగ్ పెట్టి మరిచిండు మహానుభావుడు.

"ఎక్కు అత్తమ్మా!" అని స్కూటీ తీసింది. ఏం తోలుడే తల్లీ! మమ్మల్ని చూసి హైవే మీద లారీలు గజగజ వణుకుకుంట పక్కకు జరిగినయి. మేము నకిరేకల్ చేరినంక సుత నా కొంగు ఇంకా మన కేతేపల్లిలనే ఉండె.

అంగడిల పది లక్షల పొట్టేళ్లు. ఇరవై లక్షల మంది. మా ముసలాయన చాయ్ బండికాడ కాలు మీద కాలేసుకొని కూసున్నడు.

"అమ్మిన!" అన్నడు, రాజ్యం గెలిచినట్టు.

"ఎవలకయ్యా?"

"గా ఎర్ర రుమాలాయనకు."

ఉరికినం. ఎర్ర రుమాలాయన అప్పటికే పొట్టేలును వ్యాన్ ఎక్కిచ్చిండు. సరిత చేతులు జోడించింది.

"అన్నా, గా మెడల ఉన్నది మాది. ఇచ్చెయ్యి."

"పొట్టేలును కొన్న గద చెల్లె, మెడ కొనలేదా?"

"అది కంప్యూటర్‌ది అన్నా. దాంట్ల పెండ్లి ఫోటోలున్నయి."

ఆయన సరితను చూసిండు. పొట్టేలును చూసిండు. "ఎవల పెండ్లి? దీనిదా?"

అంగడంత ఘొల్లుమన్నది. పొట్టేళ్లు సుత నవ్వినయి, నేను కండ్లార చూసిన.

సరిత మొకం చూసి ఆయన జర మెత్తవడ్డడు. "ఇస్త గని చెల్లె, కట్టిన దిష్టి ఊకనే విప్పొద్దు. తొవ్వల దీనికేమన్న అయితే ఎవలు జిమ్మేదారు? ఇంకో నల్లది కట్టున్రి, గది తీస్కపోన్రి."

నల్లది ఏడ తెస్తం? సరిత చున్నీ పచ్చది. ముసలాయన రుమాలు తెల్లది. వ్యాన్ డ్రైవర్ హారన్ మీద హారన్ కొడ్తాండు. గప్పుడు సరిత కండ్లు మెల్లగ నా తలకాయ మీదికి పోయినయి.

"అత్తమ్మా..."

"వద్దు బిడ్డా."

"అత్తమ్మా, నా పని పోతది."

ఏం చెయ్యాలె పద్మా? నా సిగ గుమ్మడికాయంత ఉంటదని మీరంత కుళ్లుకుంటరు గద. ఇప్పుడు చెప్తున్న విను, అందుల నాది నిమ్మకాయంత. మిగిలిందంత సవరం! ఇరవై ఏండ్లసంది మా ముసలాయనకు సుత తెల్వకుండ కాపాడుకున్న. గసొంటిదాన్ని ఇరవై లక్షల మంది నడుమ నిలవడి, పిన్నులు ఊడపీకి, గుంజి, పొట్టేలు మెడకు జడేసి కట్టిన.

ముసలాయన నోరు తెరిచిండు. "ఏమే, గిది ఎప్పటిసంది?"

"సప్పుడు జెయ్యక బండెక్కు," అన్న.

ఇంటికొచ్చి సరిత హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్ల బిగిచ్చింది. నేను ముక్కోటి దేవుళ్లకు మూడు కోట్ల కొబ్బరికాయలు మొక్కిన. తెర మీద పిల్ల వచ్చింది, కండ్లు మూసుకొని. గంత అందమైన పిల్లను నా జన్మల చూడలే! పొద్దుగూకకముందే ఆల్బం పోయింది. స్టూడియో ఆయన సంబురపడి ఇంకో రెండు పెండ్లిళ్లు పంపిండు. మా సరిత నన్ను ఒక్క మాట సుత అనలే. అంటానికి నా దిక్కు చూస్తది, నా సిగ కనవడుతది, నోరు మూసుకొని లోపటికి ఉరికి నవ్వుతది.

ఇగ మంది ముంగట ఎన్నొద్దులని కొంగు కప్పుకొని కూసోవాలె? రేపు నువ్వు నకిరేకల్ పోతున్నవు గద. గాజుల దుకాణంల నాకో సవరం తే. మూరెడు పొడుగుండాలె, నల్లగ నిగనిగలాడాలె. ఎవలకని గా దుకాణపామె అడిగితే నా పేరు చెప్పకు తల్లీ.

పొట్టేలుకని చెప్పు.