లారీ కనబడని దారి: బలిఘట్టం నుంచి కాలవ గట్టు మీద

నర్సీపట్నం చుట్టుపక్కల సైకిలు మీద తిరగాలని ఉంది గానీ రోడ్డు మీద లారీలంటే భయం అనేవారి కోసం ఇది రాస్తున్నాను. అలాంటివాళ్ళకి ఒక దారి ఉంది. నేను దాన్ని షికారు కోసం వెతకలేదు. మా చెల్లెలు కరుణ కోసం వెతికాను.

కరుణ ప్రాథమిక పాఠశాల టీచరు. కొన్నేళ్ళ కిందట ఒక ఆగస్టులో దానికి హెడ్‌మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. ఇచ్చిన ఊరు రోలుగుంటకీ మాకవరపాలేనికీ నడుమ, బాగా లోపలికున్న చిన్న పల్లె. బస్సు అటు వచ్చేసరికి బడిలో రెండో పీరియడ్ నడుస్తుంటుంది. సైకిలే గతి. అంతకు రెండేళ్ళ ముందు మెయిన్ రోడ్డు మీద ఒక లారీ పక్కనుంచి దూసుకుపోతే కరుణ కిందపడి చెయ్యి విరిగింది. లోపల రాడ్డు వేశారు. అప్పట్నుంచి దాని సైకిలు వసారాలో గోడకి ఆనించే ఉంది. మోపెడ్ కొంటానన్నాడు దాని భర్త, మా మరిది. ఇంజను చప్పుడంటేనే దానికి పడదు. చేరతానో లేదో సోమవారం ఆఫీసులో చెప్పాలి. వద్దంటే ఆ అవకాశం మళ్ళీ ఎప్పటికో.

"నాకొద్దులే అప్పా," అంది. మా ఇంట్లో పెద్దక్కని అప్ప అంటారు. తోబుట్టువులందరిలో నేను పెద్దదాన్ని.

"దారి చూసొద్దాం. చూశాక వద్దను," అన్నాను.

చర్చి స్త్రీల సమాజం కూడికల కోసం ఏళ్ళ తరబడి పల్లెలకి సైకిలు మీదే వెళ్ళాను నేను. ఏ గట్టు ఎక్కడ కలుస్తుందో, ఏ తోటలోంచి బండిదారి పోతుందో నాకు తెలుసు. ఈ పల్లెకి మాత్రం అప్పటిదాకా వెళ్ళలేదు. అయినా తోవ దొరుకుతుందన్న నమ్మకం ఉంది.

రెండో శనివారం, బడికి సెలవు. తెల్లవారుతుండగా ముంగిట్లో నిలబడి ప్రార్థన చేసుకున్నాం. మా నాన్నగారి కాలం నుంచీ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పెద్దవాళ్ళు ప్రార్థన చేస్తారు, ఆమేన్ అనేదాకా మిగతావాళ్ళు కదలరు, మాట్లాడరు. చిన్నప్పుడు పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా సరే, ఆమేన్ తరవాతే దించేవాళ్ళం. కరుణ సైకిలుకి కొత్త ట్యూబులు ముందురోజే వేయించాను. చైనుకి నూనె రాశాను. వెనక క్యారియర్‌కి చపాతీల క్యారేజీ, మంచినీళ్ళ సీసా కట్టాం. ఆరు గంటలకి బయల్దేరితే బలిఘట్టం చేరేదాకా తారురోడ్డే గానీ ఆ వేళప్పుడు పాల సైకిళ్ళు తప్ప ఏమీ ఉండవు. సొంత సైకిలు లేనివాళ్ళకి టౌన్లో అద్దె షాపులున్నాయి, రోజంతటికీ తీసుకుంటే పదిహేను ఇరవై రూపాయలు. బ్రేకులు చూసుకుని మరీ తీసుకోండి.

బలిఘట్టం దగ్గర వరాహ నది ఉత్తరం వైపు తిరిగి పారుతుంది. అందుకే స్నానాలకి అంతంత దూరాల నుంచి వస్తారు. బలి చక్రవర్తి యాగం చేసిన చోటని చెప్పుకుంటారు. పాత గుడి, పక్కన కొండ, కింద ఏరు. మేము చర్చివాళ్ళమైనా చిన్నప్పుడు బడి పిక్నిక్ ఇక్కడికే. పొద్దున ఏటి మీద మంచు తేలుతున్నప్పుడు ఒక్క ఐదు నిమిషాలు ఊరికే నిలబడండి. ఆ తరవాత టీ తాగండి. మేము తాగిన చోట హోటలాయన మా సైకిళ్ళ వైపు, మా తలల్లో నెరిసిన వెంట్రుకల వైపు చూశాడు.

"ఏటండి, అప్పాసెల్లెళ్ళు పందెమేసుకున్నారేటి?"

"కాలవ గట్టు మీద నుంచి వెళ్దామని," అన్నాను.

"ఎల్లండి, మంచి దారే. ఉభాల రోజులు గదండీ, గట్టు మీద నీటికాడ సూసుకోండి," అన్నాడు. ఉభాలంటే మా వైపు వరినాట్లు. ఆ మాట చెవిన వేసుకున్నాను గానీ దాని అర్థం మధ్యాహ్నానికి తెలిసింది.

ఊరు దాటాక కుడివైపు బండిదారి దిగితే ఇక మోటారు బండి కనబడదు. ఎర్రమట్టి, రెండు చక్రాల గాడి, నడుమ గడ్డి. జీడితోటల్లో నీడ చల్లగా ఉంటుంది. కొమ్మలు కిందికి వాలి ఉంటాయి, తల వంచుకు తొక్కాలి. తోట చివర దొరల కాలం నాటి మైలురాయి ఒకటి సగం భూమిలో కూరుకుపోయి ఉంది. అంకె అరిగిపోయింది. ఎవరో పసుపు రాసి బొట్టు పెట్టారు. ఇన్నేళ్ళు దారి చూపించింది కదా, ఆ మాత్రం మర్యాద దక్కనీ అనుకున్నాను.

కరుణ మొదట్లో హ్యాండిల్ బిగించి పట్టుకుని, భుజాలు చెవుల దాకా లేపుకుని తొక్కింది. ఒకచోట ఉన్నట్టుండి బ్రేకు వేసి దిగిపోయి, సైకిలుతో సహా కందకంలోకి జరిగింది. చూస్తే పొలంలో ఆయిలింజను నీళ్ళు తోడుతోంది. దాని చప్పుడు విని లారీ అనుకుంది. అక్కడున్న రైతు పొగ పీలుస్తూ, "భయపడకండమ్మా, నా ఇంజను నాలుగేళ్ళుగా ఒక్కసోటే ఉంది, మీదికి రాదు," అన్నాడు. కరుణ నవ్వలేదు. నేనూ నవ్వు ఆపుకున్నాను.

తోవ వెతుక్కుంటూ, ఆగుతూ తొమ్మిదిన్నరకి కాలవ గట్టెక్కాం. గట్టు మీద తాడిచెట్ల వరస, ఒకవైపు నిండుగా నీళ్ళు, రెండోవైపు నాట్ల కోసం దమ్ము చేసిన మళ్ళు. చక్రం కింద మట్టి మెత్తగా, చప్పుడు లేకుండా పోతుంది. అక్కడ కరుణ భుజాలు దిగాయి. చిన్నప్పటి పాట ఏదో కూనిరాగం తీసింది కూడా. ఆకలేసి తాడిచెట్ల కింద ఆగాం. క్యారేజీ విప్పి, చపాతీలు ఆకులో పెట్టి, నేను కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ఆ రోజు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఆమేన్ అని కళ్ళు తెరిచేసరికి ఆకు లేదు, చపాతీలు లేవు. ఒక మేక ఆఖరి ముక్క నములుతూ నా వైపు చూస్తోంది.

"ఎప్పుడొచ్చింది ఇది?"

"నువ్వు మన మండలంలోని బడులన్నిటి కోసం అడుగుతున్నప్పుడు," అంది కరుణ.

"చూశావా? చూసి తోలలేదా?"

"ఆమేన్ అవలేదు కదప్పా."

కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. కానీ మళ్ళీ సైకిలెక్కాక ఆ మాట నన్ను వదల్లేదు. నలభై ఆరేళ్ళ మనిషి, బడిలో అందరినీ నిలబెట్టే టీచరు, కళ్ళెదుట తిండి పోతున్నా నా ఆమేన్ కోసం కూర్చుంది. మరి ఈ దారికి వచ్చింది తన ఇష్టంతోనా, నేను చెప్పాననా? సోమవారం ఆఫీసులో 'చేరతాను' అన్నా అది ఎవరి మాటవుతుంది?

పల్లె కనుచూపు మేరలో ఉందనగా గట్టు తెగి ఉంది. దానంతటది తెగలేదు, తెగ్గొట్టారు. చివరి పొలాలకి నీటి వంతు వచ్చినప్పుడు గట్టుకి గండి కొట్టి మళ్ళలోకి తిప్పుకుంటారు, వంతు అయిపోగానే పూడ్చేస్తారు. గండి మీద ఒక్క తాటిదుంగ అడ్డంగా వేసి ఉంది. కింద మోకాలు దాటి నీళ్ళు, వడిగా. పక్క మడిలో ఆడవాళ్ళు వరినాట్లు ఊడుస్తున్నారు. వాళ్ళలో పెద్దావిడ, పేరు నూకాలు, నడుము ఎత్తి చూసింది.

"ఎక్కడికమ్మా?"

"మీ ఊరి బడికి. ఈమె టీచరు," అన్నాను.

"ఓలమ్మో, కొత్త పెద్ద పంతులమ్మేటి? మరి దుంగ మీంచి వచ్చీండి. లేదంటే ఎనక్కెల్లి మెయిన్ రోడ్డు పట్టుకోండి, అది సుట్టు. లారీలుంటాయి గానీ కాళ్ళు తడవవు."

ఇంకొకామె వంగే అంది. "తడిస్తే కరిగిపోయేలాగుంది పంతులమ్మ. మన పిల్లగుంటలు రోజూ దీన్ని దాటే కదే తోటకెల్తారు!"

అందరూ నవ్వారు. కరుణ నా వైపు చూసింది. ఏం చేద్దామని ఆ చూపు. నా దగ్గర జవాబుంది. నోటిదాకా వచ్చింది కూడా. మింగేశాను. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కాలవ వైపు తిరిగి నిలబడ్డాను.

అప్పుడు వినబడింది. "ప్రభువా, జారకుండా చూడు. ఆమేన్."

తిరిగి చూశాను. కరుణ కళ్ళు తెరిచే ఉన్నాయి, గండి వైపే చూస్తున్నాయి. నా ముందు అది పైకి ప్రార్థన చెయ్యడం అదే మొదటిసారి. "ఆమేన్," అన్నాను.

దుంగ ఎక్కలేదు. చీర ఎగదోపి, నీళ్ళలోకే దిగింది. "అమ్మా, వెనక పట్టుకోండి," అని నూకాలుని పిలిచింది. ఇద్దరూ కలిసి సైకిలు ఎత్తి దాటించారు. తరవాత నాదీ. అవతలి గట్టున కరుణ నిలబడి, రొప్పుతూ, నడుం దాకా తడిసి, ఆ గేలిచేసినామెతో అంది. "కరగలేదమ్మా. వచ్చే వారం నుంచి మీ పిల్లల్ని బడికి పంపండి."

మేక సంగతి విని నూకాలు మమ్మల్ని వదల్లేదు. కుండలోంచి చోడంబలి, అంటే రాగి అంబలి, రెండు గ్లాసులు పోసి, ఉల్లిపాయ చితక్కొట్టి ఇచ్చింది. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి హోటలు దొరకదు, ఎవరైనా అంబలి పోస్తే మొహమాటపడకండి. బడి రెండు గదులు. తాళం వేసి ఉంది. కరుణ కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి, అందినంత మేర బల్ల మీద దుమ్ము వేలితో తుడిచి చూసుకుంది.

తిరుగు ప్రయాణంలో అది ముందు, నేను వెనక. గండి అప్పటికి పూడ్చేశారు, మట్టి ఇంకా పచ్చిగా ఉంది. చీకటి పడకముందే బలిఘట్టం దాటి తారురోడ్డు ఎక్కాం. టౌను ముందర ఎదురుగా లారీ వచ్చింది. కరుణ దిగింది. మార్జిన్‌లో నిలబడి దాన్ని పోనిచ్చింది. దుమ్ము సర్దుకోగానే మళ్ళీ ఎక్కింది.

ఇప్పటికీ ఆ బడికి అదే దారిన వెళ్తోంది. పదిహేను కిలోమీటర్లు, అలవాటయ్యాక దానికి గంటన్నర కూడా పట్టదు. లారీ వస్తే ఇప్పటికీ దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. భయం పోవాలని నేను దేవుణ్ణి ఎన్నోసార్లు అడిగాను. భయం పోలేదు గానీ భయం పక్కనుంచి పోయే దారి దొరికింది. ఆదివారం భోజనాల దగ్గర ఈమధ్య ప్రార్థన దాని వంతు. ఒక్క ముక్కలో ముగించేస్తుంది. కూర వేడిగా ఉంటుంది.

మీరు వెళ్తే ఒక్క జాగ్రత్త. ఉభాల రోజుల్లో గట్టెక్కేముందు, భుజాన పారతో ఎదురొచ్చే ఎవరినైనా ఆపి, ఇవాళ నీటి వంతు ఎవరిదని అడగండి. గండి ఎక్కడుందో వాళ్ళే చెప్తారు. దుంగ మీద నుంచి మాత్రం దాటకండి, నీళ్ళలోకి దిగండి. తిండి సంచి కొమ్మకి తగిలించండి. ప్రార్థన చేసుకునే అలవాటుంటే, ఒక కన్ను తెరిచి ఉంచండి.